ఇటుకన్నకు మూడే మార్కులు

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా పిన్ని అంటుంది. జుట్టు నెరిసినవాళ్ళు, మోకాళ్ళకు నూనె రాసుకునేవాళ్ళు అనాల్సిన మాటట అది. నాకేమో ఇంకా ముప్పై నిండలేదు. అయినా చెప్పొద్దూ, మొహానికి మాస్కు కట్టుకుని తిరిగిన కాలం నిన్నమొన్నటిదే గానీ, అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో పొరుగూరి పిల్ల సంగతి విన్నట్టుంటుంది. ఆ రోజుల్లో నాకు రెండే రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, నాకు అర్థం కాని ఇంగ్లీషు మాట అంటూ ఉండదని. రెండోది, పేపర్లు దిద్దే మనిషి పొరపాటు చెయ్యదని. ఈ రెండు నమ్మకాలూ కలిసి ఒక దేశపు జాతీయ జట్టును ఏం చేశాయో చెబుతాను. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి, నేనెప్పుడో నవ్వేసుకున్నాను.

దుబాయ్ రాకముందు నేను కోనసీమలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచర్ని. కరోనా వచ్చి స్కూలు మూతపడింది. "తెరిచాక కబురు చేస్తామమ్మా" అన్నారు కరస్పాండెంటు గారు. (ఆ కబురు ఇంతవరకూ రాలేదు. దారిలో ఉండి ఉంటుంది.) ఏడాదిపాటు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాక, దుబాయ్‌లో ఎప్పటినుంచో వంటపని చేస్తున్న మా పిన్ని నాకొక ఆస్ట్రేలియా వాళ్ళింట్లో పని కుదిర్చింది. ఇద్దరు ఆడపిల్లల్ని చూసుకోవాలి. "టీచర్నై ఉండి ఆయా పనికి వెళ్ళాలా?" అని నేను మూతి ముడిస్తే, "రెండూ పిల్లల్ని కాయడమే కదే! అక్కడ గదినిండా ఉంటారు, ఇక్కడ ఇద్దరే. ప్రమోషన్ వచ్చిందనుకో" అని ఫోన్ పెట్టేసింది. ఇరవై మూడేళ్ళ పిల్లని, రోషం ఎక్కువ. సూట్‌కేసులో బట్టల మధ్య రెండు ఎర్ర పెన్నులు కూడా పెట్టుకుని విమానం ఎక్కాను.

ఇల్లు మంచిది. మేడం నెమ్మది మనిషి. పెద్దపాపకు ఏడేళ్ళు, ప్రతిదానికీ "ఎందుకు?" అంటుంది. చిన్నపాపకు నాలుగు, ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుంటుంది. ఇక సార్ ఒక కట్టడాల కంపెనీలో ముదీర్, అంటే మేనేజరు. వారమంతా జెబెల్ అలీ వైపు సైటులో ఎండలో ఎర్రగా కందిపోయి వస్తారు, ఆదివారం ఆటల గ్రౌండులో ఇంకాస్త కందిపోతారు. ఎందుకంటే ఆస్ట్రేలియాలో పుట్టిన ఒక రకం ఫుట్‌బాల్ ఆడే ఈ దేశపు జట్టుకు ఆయన కోచ్. జాతీయ జట్టండీ, ఆషామాషీ కాదు. కాకపోతే ఆ జట్టులో తెల్లటి పొడుగంగీ, అదే కందూరా, వేసుకునే ఇక్కడి ఎమిరాతీ కుర్రాడు ఒక్కడే ఒక్కడు. మిగతావాళ్ళంతా బతుకుతెరువుకు వచ్చి ఇక్కడ స్థిరపడిన వేరే దేశాలవాళ్ళే. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సగానికి మించి ఉండకూడదని ఒక నియమం పెట్టుకున్నారు కాబట్టి, మిగతా సగానికి సార్ ఎప్పుడూ మనుషుల్ని వెతుక్కుంటూ ఉండేవారు.

ఆ ఆట గురించి నాకు అర్థమైనంత చెబుతాను. (ఎంత అర్థమైందో ముందు ముందు మీకే తెలుస్తుంది.) బంతి గుండ్రంగా ఉండదు, బొప్పాయికాయలా ఉంటుంది. గ్రౌండుకు రెండు చివరలా నాలుగేసి కర్రలు పాతి ఉంటాయి. నడిమి రెండింటి మధ్యలోంచి తంతే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే పోనీలే పాపం అని ఒక పాయింటు. బంతిని చేత్తో విసరకూడదు, అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్దాలి. ఇక గాల్లోకి లేచిన బంతిని పట్టుకోవడానికి ఒకడి వీపు మీద ఇంకొకడు మోకాళ్ళు ఆనించి ఎగబాకుతాడు. మొదటిసారి అది చూసి నేను "అయ్యో, కొట్టుకుంటున్నారు!" అని పిల్లల కళ్ళు మూశాను.

అలా సార్ వెతికి తెచ్చినవాళ్ళలో మన ఇటుకన్న ఒకడు. జగిత్యాల దగ్గరి పల్లెవాడు, నలభైకి దగ్గరపడ్డ మనిషి, సార్ సైటులోనే పని. ఒకరోజు సార్ మొదటి అంతస్తు అంచున నిలబడి మాట్లాడుతుంటే చేతిలోంచి ఫోన్ జారిపోయిందట. కింద నడిచిపోతున్న ఇటుకన్న తలెత్తి, రెండు చేతులూ చాచి, దాన్ని గుండెకు హత్తుకుని నిలబడ్డాడట. సార్ మెట్లన్నీ దూకుతూ దిగొచ్చి "ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగితే, ఊళ్ళో ఉన్నప్పుడు మేస్త్రీల దగ్గర పనిచేశాననీ, కిందనుంచి విసిరిన ఇటుకల్ని పైన నిలబడి పట్టడమే తన డ్యూటీ అనీ హిందీలో చెప్పాడట. మరుసటి ఆదివారానికల్లా ఇటుకన్న గ్రౌండులో ఉన్నాడు. జట్టువాళ్ళకు అతని పేరు పలకడం రాక "బ్రిక్" అని పిలుచుకున్నారు, అందుకే మీకు చెప్పేటప్పుడు నేను ఇటుకన్న అంటున్నాను.

నన్ను మొదట పలకరించిందీ అతనే. "అమ్మలూ, పరిగెత్తకే, పడతావు!" అని నేను చిన్నపాప వెనకాల అరుస్తుంటే, నీళ్ళు తాగుతున్నవాడు టక్కున ఆగి, "ఓ చెల్లె! మనోళ్ళేనా?" అన్నాడు.

"గోదావరోళ్ళమండీ" అన్నాను, కాస్త బిగదీసుకుని.

"గదే, మనోళ్ళే!" అని మొహమంతా నవ్వాడు. ఆ నవ్వు చూశాక బిగుసుకుని ఉండడం ఎవరివల్లా కాదు. ఆ రోజునుంచీ నేను అన్నయ్యా అనేదాన్ని, అతను చెల్లె అనేవాడు.

రెండో ఆదివారమో మూడోదో, ఆట మధ్య విరామంలో నా పక్కన గడ్డి మీద కూలబడి సంగతి చెప్పాడు. పొరుగు గల్ఫ్ దేశం జట్టుతో పెద్ద మ్యాచి ఉంది. దాన్ని ఫోన్లో లైవ్‌లో చూపిస్తారట. "పదకొండేండ్లాయె చెల్లె నేనొచ్చి. నేనిక్కడ ఏం జేస్తనో మా ఇంటోళ్ళు ఒక్కనాడు సూడలే. సైటుల ఫోన్ బంద్. రూముల జూపిద్దమంటే ఏమున్నది, మంచం మీద మంచం. మా బిడ్డ ఎనిమిదో తరగతి. 'మీ నాయిన దుబాయ్‌ల ఏం జేస్తడు?' అని బడిల సార్ అడిగితే 'ఏమో సార్' అన్నదట. గీ మ్యాచ్ల నేనుంటే ఇంటోళ్ళు, ఊరోళ్ళు అందరు సూస్తరు. అప్పుడే చెప్పిపెట్టిన" అన్నాడు. అప్పుడే చెప్పేశాడా, ఇంకా జట్టే ఎంచలేదు కదా అని నాకు కంగారేసింది. అయినా బంతి ఎటు వచ్చినా ఇతని చేతుల్లోనే పడుతోంది కదా, ఎందుకు ఎంచరులే అనుకున్నాను.

అదిగో, ఆ ఆదివారమే సార్ నా చేతికొక నోటుపుస్తకం ఇచ్చారు. ఆటగాళ్ళ పేర్లన్నీ వరసగా రాసి ఉన్నాయి. "ఈ నాలుగు వారాలూ జట్టును రెండుగా విడదీసి ఆడిస్తాను. నేను విజిల్ పట్టుకుని పరిగెత్తాలి, రాసుకోవడం కుదరదు. ఒక్కొక్కరి మార్కులు నువ్వు రాసిపెట్టగలవా? టీచర్‌వి కదా, శ్రద్ధగా రాస్తావు" అన్నారు, ఇంగ్లీషులో.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. ఇన్నాళ్ళకు, ఇంత దూరంలో, నాలోని టీచర్ని గుర్తించిన మనిషి ఒకడు దొరికాడు! ఏ మార్కులు, ఎలా వెయ్యాలి, ఎన్నింటికి వెయ్యాలి అని ఒక్క ముక్క అడిగానా? లేదు. అడిగితే చిన్నతనం కదూ. "యస్ సార్, నో ప్రాబ్లం" అని పుస్తకం గుండెకు హత్తుకుని, గ్రౌండు పక్కన కుర్చీ వేసుకుని, సూట్‌కేసులోంచి ఎర్ర పెన్ను తెచ్చుకోనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. పై వారం నుంచి తెచ్చుకున్నాననుకోండి.

పదికి వేశాను మార్కులు. పరుగుకు రెండు, బంతి పట్టడానికి రెండు, క్రమశిక్షణకు రెండు, శుభ్రతకు రెండు, తోటివారితో మెలగడానికి రెండు. (మూడో తరగతికి ఇదే పద్ధతి. పిల్లలయినా పెద్దలయినా మనిషి మనిషే.) గడ్డం కెప్టెన్ ఒకరోజు ఇద్దరి వీపుల మీదుగా ఎగిరి బంతి అందుకుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం క్రమశిక్షణలో రెండూ కోసేశాను. ఇంగ్లండు నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉండేవాడు, బ్యాంకు బాబు అనుకుందాం. పాపం ఆయన చేతిలో బంతి నిలిచేది కాదు. కానీ మేజోళ్ళు తిన్నగా ఉండేవి, నీళ్ళ సీసా ఇస్తే థాంక్స్ చెప్పేవాడు, ఆట అయ్యాక గ్రౌండులో పడున్నవన్నీ ఏరి సర్దేవాడు. తొమ్మిది వేశాను. మరుసటి వారం కూడా తొమ్మిది.

ఇక ఇటుకన్న. నిజాయితీగా కూడితే ఆరు వచ్చేవి. బంతి పట్టడంలో రెండుకు రెండు, పరుగు పరవాలేదు, శుభ్రత మాత్రం సున్నా, చెమటంతా బనీనుతోనే తుడుచుకుంటాడు. కానీ నాకొక పాత దెబ్బ ఉంది. స్కూల్లో నా క్లాసులోనే మా అక్క కొడుకు చదివేవాడు. వాడికి ఒకసారి లెక్కల్లో యాభైకి నలభై ఎనిమిది వస్తే (వాడి తెలివే, నా ప్రమేయం లేదు), "టీచరమ్మ అక్క కొడుక్కి రాక మనవాళ్ళకొస్తాయా?" అని తల్లులు స్కూలు గేటు దగ్గర పంచాయితీ పెట్టారు. అప్పటినుంచీ మనవాళ్ళనేవాళ్ళకు సగం కోసేయడం నాకు అలవాటైంది. ఇక్కడ తెలుగువాడు అతనొక్కడే, పైగా చెల్లె అంటున్నాడు. రేపెవరైనా మాట అంటే? ఆరులో సగం మూడు. నాలుగు వారాలూ మూడే. ఒక వారం మనసొప్పక నాలుగు వేసి, మళ్ళీ ధర్మం గుర్తొచ్చి కొట్టేశాను.

సార్ ప్రతి ఆదివారం ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసి, జట్టును ఎంచే మరో ఇద్దరికి పంపేవారు. ఒకసారి మాత్రం నొసలు ముడిచి, "బ్రిక్‌కి మూడేనా? నాకు ఇంకా ఎక్కువనిపించిందే" అన్నారు.

"లేదు సార్. చాలా కచ్చితంగా చూశాను" అన్నాను. నా మొహం చూసి ఆయన ఆ ఫోటో అలాగే పంపేశారు.

నాలుగో వారం ఆట కూడా అయ్యాక, బుధవారం సాయంత్రం సార్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని మేడంకు జట్టు పేర్లు చదివి వినిపిస్తున్నారు. నేను వంటింట్లో పిల్లలకు పాస్తా కలుపుతూ చెవి అటు వేశాను. బ్యాంకు బాబు పేరు వినపడింది. గడ్డం కెప్టెన్ పేరు వినపడింది. చివరిదాకా విన్నాను, బ్రిక్ అన్న మాట రాలేదు. ఉండబట్టలేక వెళ్ళి అడిగాను. సార్ తల అడ్డంగా ఊపి, "నాలుగు మ్యాచుల్లోనూ మూడేసి మార్కులే. ఇంకేం చెయ్యను" అన్నారు. ఇదేమిటి, పదికి మూడంటే పాస్ మార్కుకు దగ్గరే కదా, ఇంత కఠినమా వీళ్ళు అనుకుంటూ వంటింట్లోకి వచ్చాను. బల్ల మీద కూర్చుని కాళ్ళాడిస్తున్న పెద్దపాప మొదలుపెట్టింది.

"ఎందుకు మూడు? అతను అన్నీ పడతాడు కదా!"

"పట్టడం వేరు, మార్కులు వేరు పాపా."

"కాదు! పట్టడమే మార్క్!" అని అది బల్ల దిగి, బుట్టలోంచి ఒక నారింజ తీసి పైకి విసిరి రెండు చేతులా పట్టుకుంది. "ఇదిగో, ఒక మార్క్." మళ్ళీ విసిరి పట్టుకుంది. "రెండు మార్కులు. నీకు తెలీదా?"

తంతే గాల్లోకి లేచిన బంతిని కింద పడకుండా పట్టుకుంటే దాన్నే ఆ ఆటలో మార్క్ అంటారట. ఒక్కొక్కరు ఎన్నిసార్లు పట్టారో లెక్క రాయమన్నారు సార్. అంతే, ఆయన అడిగింది. నేనేమో మేజోళ్ళకు మార్కులు వేస్తూ కూర్చున్నాను! చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పాస్తా అడుగంటింది. పెద్దపాప మూడో మార్కు, నాలుగో మార్కు లెక్కపెట్టుకుంటూ వంటిల్లంతా తిరుగుతోంది.

కాసేపటికి ఇటుకన్న ఫోన్. సార్ అప్పటికే అతనికి చెప్పేశారు. "ఏం గాదు చెల్లె, మల్ల మ్యాచ్ ఉంటది తియ్" అన్నాడు గానీ గొంతులో జీవం లేదు. "ఇంటికి చెప్పిన గదా, గదే జర... మ్యాచ్ ఖలాస్ అయిందని చెప్త. వానొచ్చిందంట."

"దుబాయ్‌లో వానేంటన్నయ్యా, ఎవరు నమ్ముతారు?"

"మా బిడ్డ నమ్ముతది" అన్నాడు. తర్వాత అతనే అడిగాడు. "మార్కులు రాసింది నువ్వేనంట గదా చెల్లె. నిజంగ మూడే పట్టిన్నా? నాకైతే ఎక్కువనే అనిపించింది. గని నువ్వు సదువుకున్నదానివి, నీ లెక్క తప్పదు."

తిట్టినా బాగుండేది. నాలుగు చెడామడా తిడితే నేనూ నాలుగు అని ఊరుకునేదాన్ని. ఆ మాట విన్నాక అన్నం సహించలేదు. మా పిన్నికి ఫోన్ చేసి చెప్తే, "నోరు మూసుకుని కూర్చోవే! వీసా స్టాంపింగై ఏడాది కాలేదు. ఆటలో అరటిపండుకి నీ ఉద్యోగం పోగొట్టుకుంటావా? అడిగారా ఎవరైనా?" అని కేకలేసింది. అడగలేదు. అదే కదా వచ్చిన చిక్కు, అడగని మనిషి దగ్గర అబద్ధం కూడా చెప్పలేం.

గురువారం పొద్దున్నే, సార్ సైటుకు బయల్దేరి బూట్లు వేసుకుంటుండగా వెళ్ళి నిలబడ్డాను. అద్దం ముందు నాలుగుసార్లు వల్లెవేసుకున్న ఇంగ్లీషంతా ఆవిరైపోయింది. "సార్, మార్క్ అంటే క్యాచ్ అని నాకు తెలీదు సార్. నేను స్కూల్ మార్కులు వేశాను" అని ఏడ్చేశాను. సార్‌కు ముందు అర్థం కాలేదు. పుస్తకం తెప్పించి తిరగేశారు. ప్రతి పేరు పక్కనా నేను ఎర్ర సిరాతో తెలుగులో రాసుకున్న రిమార్కులు కనిపించాయి. ఇన్నాళ్ళూ వాటిని ఏదో లెక్కల గుర్తులనుకున్నారట. "ఇక్కడేం రాశావు?" అన్నారు బ్యాంకు బాబు పేరు మీద వేలు పెట్టి.

"వినయవిధేయతలు కలవాడు. బంతి పట్టడంలో శ్రద్ధ చూపవలెను" అని చదివి, ఇంగ్లీషులో చెప్పాను.

సార్ ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో మెట్ల మీద కూలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. మేడం పరిగెత్తుకొచ్చి సంగతి విని ఆవిడా కూర్చుంది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. "మరి బ్రిక్‌కి మూడెందుకు వేశావు?" అని అడిగారు చివరికి. మనవాడు కదా సార్, పక్షపాతం అంటారని కోశాను అన్నాను. ఆ మాటతో ఆయన నవ్వు ఆగిపోయింది. రెండో బూటు చేతిలోకి తీసుకుని, "నేనూ అదే చేశాను. అతను పడుతుంటే నా కళ్ళతో చూశాను. కానీ నేను తెచ్చిన మనిషి, నా సైటు మనిషి. మిగతా ఇద్దరూ అంకెలు చూపిస్తే గట్టిగా మాట్లాడలేకపోయాను" అన్నారు. ఆస్ట్రేలియాలో కూడా ఈ జబ్బు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

పేర్లు అప్పటికే అవతలి జట్టుకు వెళ్ళిపోయాయి. ఎవరైనా తమంతట తాము తప్పుకుంటే తప్ప కొత్తవాణ్ణి చేర్చడానికి లేదు. "రేపు సాయంత్రం జట్టంతా వస్తుంది. నాకు చెప్పినట్టే వాళ్ళకూ నువ్వే చెప్పు" అన్నారు సార్. ఉద్యోగం ఉందో ఊడిందో చెప్పలేదు, నేను అడగలేదు.

శుక్రవారం గ్రౌండులో తాడిచెట్లంత మగవాళ్ళు అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు, మధ్యలో నోటుపుస్తకంతో నేను. ఇటుకన్న ఓ పక్కగా చేతులు కట్టుకుని నిలుచున్నాడు. జట్టులో లేకపోయినా ప్రాక్టీసుకు వచ్చాడు చూడండి. నా తప్పు చెప్పాను. గడ్డం కెప్టెన్ "నాకేం రాశావో చదువు" అన్నాడు. చదవక తప్పుతుందా! "తోటివారి వీపులెక్కే దురలవాటు ఉంది. తల్లిదండ్రులకు కబురు పెట్టవలెను" అని చదివి ఇంగ్లీషు చేశాను. గ్రౌండు దద్దరిల్లిపోయింది. "నాకు? నాకు?" అని అందరూ మీద పడ్డారు. ఒకడికి "గోళ్ళు కొరుకును", ఒకడికి "తెలివైనవాడే కానీ కబుర్లు ఎక్కువ", ఎమిరాతీ కుర్రాడికి "ఆలస్యంగా వచ్చును, అయితే ఖర్జూరాలు తెచ్చి అందరికీ పంచును". అంత పెద్దవాళ్ళు కూడా తమ మార్కులు వినేటప్పుడు మూడో తరగతి పిల్లల్లాగే చెవులు రిక్కించారు. తొమ్మిది మార్కుల బ్యాంకు బాబు మాత్రం నవ్వలేదు. సంచీలోంచి కొత్త జెర్సీ తీసి, మడత విప్పకుండా తెచ్చి ఇటుకన్న చేతిలో పెట్టాడు. "నా పేరు జాబితాలో చూసి నాకే ఆశ్చర్యమేసింది. నేను జన్మలో రెండు బంతులు పట్టుంటాను. ఒకటి నా మీద పడింది" అన్నాడు. ఇటుకన్నకు ఆ ఇంగ్లీషు అర్థం కాలేదు. జెర్సీ అర్థమైంది. దాన్ని పట్టుకుని నా వంక చూశాడు. "అన్నయ్యా, నా లెక్క తప్పింది. ఇంటికి ఫోన్ చెయ్యి" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు మ్యాచి. ఈసారి నాకు రాత పని లేదు. (సార్ నోటుపుస్తకం మేడంకు ఇచ్చారు. నాతో కళ్ళు కలపకుండా ఇచ్చారు, అదొక మర్యాద.) నాకిచ్చిన పనల్లా గీత పక్కన నిలబడి ఫోన్ పట్టుకుని లైవ్ చూపించడం. ఇందులో తప్పు చెయ్యడానికేముంది, కదలకుండా పట్టుకోవడమే కదా. మొదటి మూడు వంతుల ఆటా బొమ్మలా నిలబడ్డాను. ఇటుకన్నను బంతి పెద్దగా వెతుక్కుంటూ రాలేదు. ఒకసారి వచ్చినా అవతలివాడు భుజంతో తోసేశాడు. అతను లేచి, మట్టి దులుపుకుని, నా చేతిలోని ఫోన్ వైపోసారి చూసి పరిగెత్తాడు. అక్కడ వాళ్ళు చూస్తున్నారని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నాలుగో వంతు ఆటలో బంతి మేఘం ఎత్తుకు లేచింది. కర్రలకు దగ్గర్లో దిగుతోంది. ముగ్గురు దానికోసం ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కుతున్నారు. ఇటుకన్న ఎవరి మీదా ఎక్కలేదు. ఇటుక కోసం చూసినట్టే తలెత్తి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు చాచాడు. బంతి అందరి వేళ్ళనూ దాటుకుని వచ్చి అతని గుండెల మీద పడింది. హత్తుకుని నిలబడ్డాడు. గ్రౌండంతా "బ్రిక్! బ్రిక్! బ్రిక్!" అని లేచింది. నేనూ లేచాను. గెంతాను. రెండు చేతులూ పైకెత్తి "అన్నయ్యోయ్!" అని అరిచాను. ఆ చేతుల్లో ఒకదాంట్లో ఫోన్ ఉందన్న సంగతి, పెద్దపాప నా కుర్తా పట్టుకుని గుంజేదాకా నాకు తట్టలేదు.

ఆ తర్వాత అతను తన్నిన బంతి పక్క సందులోంచి పోయింది, ఒకే పాయింటు. మ్యాచి ఓడిపోయాం. ఎంత తేడాతో అని నన్నడక్కండి, అంకెల విషయంలో నా మాట ఎవరూ నమ్మకూడదు.

అందరూ చేతులు కలుపుకుంటుంటే ఇటుకన్న ఫోన్ మోగింది, వీడియో కాల్. నేను వెళ్ళి అతని పక్కన దొంగలా నిలబడ్డాను. తెరమీద వదిన, పక్కన రెండు జడల పిల్ల, వెనకాల అరుగు మీద ఊరు ఊరంతా. "కనవడ్డదా?" అన్నాడు ఇటుకన్న.

"ఏమి కనవడ్డది, నా తలకాయ!" అంది వదిన. "నువ్వు ఉరుకుతుంటే సూసినం. బంతి లేసిందాక సూసినం. గంతల మొగులు కనవడ్డది, ఎవలియో చెప్పులు కనవడ్డయి. ఇంక అందరు బ్రిక్కు బ్రిక్కు అని ఒకటే ఒర్రుడు. ఇటుకలేమన్న మీద వడ్డయా ఏంది? పానం ఆగమైంది మాకు!"

నేను భూమిలోకి కుంగిపోయాను. పదకొండేళ్ళలో ఒక్కసారి ఆ ఇంటివాళ్ళకు చూపించాల్సింది వచ్చింది, నేను వాళ్ళకు ఆకాశాన్నీ నా చెప్పుల్నీ చూపించాను. ఇటుకన్న మాత్రం నవ్వాడు. "ఇటుకలు పడలేదే. బ్రిక్ అంటే నేనే. నన్నే అట్ల పిలుస్తరు."

ఆ రెండు జడల పిల్ల ఫోన్‌కు దగ్గరగా వచ్చింది. "అంతమంది నిన్నేనా నాయినా పిలిచింది?" అంది.

ఇటుకన్న ఫోన్ నా చేతికిచ్చి, అటు తిరిగి, బనీను మొహానికి అద్దుకున్నాడు. "అవునమ్మా. మీ నాన్ననే. అందరూ మీ నాన్ననే పిలిచారు" అన్నాను. ఈసారి ఫోన్ రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

నా ఉద్యోగం ఊడలేదు. రెండేళ్ళకు సార్ వాళ్ళే వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఇప్పుడు నేను దుబాయ్‌లోనే అల్ కుసైస్‌లో ఒక చిన్నపిల్లల బడిలో పనిచేస్తున్నాను. అక్కడ మార్కులుండవు, పొద్దుటినుంచి సాయంత్రందాకా ముక్కులు తుడవడమే. బస్సులో వస్తూ ఎప్పుడైనా ఖాళీగా ఉన్నప్పుడు, గ్రౌండు పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎర్ర పెన్ను పట్టుకుని, పెద్ద పెద్ద మగవాళ్ళ మేజోళ్ళు పరీక్షిస్తున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. దాని మీద కోపం రాదు, కాస్త ముద్దొస్తుంది. ఎదురుపడితే పక్కన కూర్చోబెట్టుకుని, "తెలియకపోతే అడగవే తల్లీ, అందులో చిన్నతనం ఏమీ లేదు" అని చెప్పాలనిపిస్తుంది. అది విననే వినదనుకోండి. టీచరమ్మ కదా.